ఊరు విడిచేవారు చెప్పని మాట



తెల్లవారుజామున నాలుగున్నరకు పామర్రు సెంటరులో ఎప్పుడైనా నిలబడ్డారా? అక్కడినుండి నాలుగు దిక్కులకు నాలుగు రోడ్లు పోతాయి. ఒకటి విజయవాడకు, ఒకటి బందరుకు, ఒకటి గుడివాడకు, ఇంకొకటి కూచిపూడి మీదుగా చల్లపల్లి, అవనిగడ్డ వైపుకు. పామర్రుకు రైలు లేదు. రైలెక్కాలన్నా, విమానమెక్కాలన్నా మా చుట్టుపక్కల పల్లెలవారు ముందు ఈ సెంటరుకు వచ్చి బస్సు కోసం నిలబడవలసిందే. ముప్పై ఏళ్ళు బడిపంతులుగా తిరిగినవాణ్ణి గనుక సామాను చూసి ఎవరు ఎక్కడికి పోతున్నారో చెప్పగలను. బియ్యం మూట, ఆవకాయ జాడీ ఉంటే హైదరాబాదు. పెద్ద సూట్‌కేసుకు తాడు చుట్టి, దాని మీద పెద్ద అక్షరాలతో పేరు రాసి ఉంటే గల్ఫు. పరుపు చుట్ట, ప్లాస్టిక్ బకెట్టు ఉంటే కాలేజీ హాస్టలు. కొత్త ట్రంకుపెట్టె పక్కన పసుపుబట్టలతో ఒక పిల్ల ఏడుస్తూ నిలబడితే, అది అత్తవారిల్లు.

"ఎందాకా?" అని అడిగితే ఊరి పేరు చెబుతారు. "ఎందుకు?" అని అడిగితే మాత్రం అందరిదీ ఒకటే జవాబు. "పని కోసమండి." ఇంకా చనువుంటే, "ఇక్కడేముందండి?" అంటారు. ఆ జవాబు అబద్ధం కాదు. కాని అందులో సగమే ఉంటుందని నా అనుభవం. ఈ నెల దాని గురించి రాయడానికి ఒక ఉత్తరం కారణం.

ఉత్తరం రాసిన సోదరి పేరు, ఊరు చెప్పను. ఆమెకు 31 ఏళ్ళు. ఇద్దరు ఆడపిల్లలు. భర్త నాలుగెకరాలు కౌలుకు చేస్తున్నాడు. 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచాంగ్ తుఫానుకు వీరి చేలో కోసిన పనలు నీళ్ళలో నాని మొలకెత్తాయి. నష్టపరిహారం పొలం ఎవరి పేరున ఉందో వారికి వెళ్ళింది. కౌలు బస్తాలు మాత్రం వీరు ఇచ్చుకోవలసి వచ్చింది. ఆ తరువాత పంటకు మళ్ళీ అప్పు. ఇప్పుడు అప్పు మూడు లక్షలు, నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీ. ఒక ఏజెంటు వచ్చి, కువైటులో ఇంటిపనికి వెళ్తే నెలకు ముప్పై వేలు వస్తుందని చెప్పాడట. సంఘ పెద్దలు మాత్రం, పిల్లలను వదిలి వెళ్ళడం అవిశ్వాసం, దేవుడు ఇక్కడే పోషించలేడా అని గద్దించారట. "అయ్యగారూ, నేను వెళ్ళడం పాపమా? మీరే చెప్పండి" అని ఆమె ప్రశ్న.

చెల్లెమ్మా, మీ ప్రశ్నకు వస్తాను. కొంచెం చుట్టు తిరిగి వస్తాను, ఓపిక పట్టండి.

ముందుగా మిమ్మల్ని గద్దించిన పెద్దలకు ఒక మాట. మీ ఇళ్ళలో వలస వచ్చిన మొదటి మనిషి ఎవరు? మీ అమ్మ. ఆ తరువాత మీ భార్య. 2011 జనాభా లెక్కల్లో, పుట్టిన చోటో అంతకుముందున్న చోటో విడిచి మరోచోట ఉంటున్నవారు మన దేశంలో 45 కోట్లకు పైగా తేలారు. వారిలో సగానికి కొంచెం తక్కువమంది చెప్పిన కారణం పెళ్ళి. వారిలో దాదాపు అందరూ స్త్రీలే. పని కోసం కదిలినవారు వారికంటే చాలా తక్కువ. ఇరవై ఏళ్ళ పిల్ల తల్లినీ, ఊరినీ, పుట్టినింటి చర్చినీ విడిచి, పేరు తెలియని వీధిలోకి వస్తే దాన్ని మనం వలస అనము, శుభకార్యము అంటాము. అదే పిల్ల పదేళ్ళ తరువాత, ఆ ఇంటి అప్పు తీర్చడానికి రెండేళ్ళు బయటికి పోతానంటే అవిశ్వాసమంటాము. ఈ తేడా నాకెప్పుడూ అర్థం కాలేదు.

రెండవ మాట. మనది తరతరాలుగా కదలకుండా కూర్చున్న నేల అని అనుకుంటున్నాము. కాదు. 1832, 1833 సంవత్సరాల్లో నందన కరువు వచ్చినప్పుడు గుంటూరు, బందరు ప్రాంతాలనుండి జనం మద్రాసు దారి పట్టారు. దారి పొడవునా శవాలు పడ్డాయని ఆనాటి వ్రాతలు చెబుతున్నాయి. కృష్ణ పక్కనే పారుతున్నా, చేలకు ఎక్కే నీళ్ళు లేవు. కాటన్ దొర ఆలోచనతో కెప్టెన్ ఆర్ పర్యవేక్షణలో 1852లో మొదలై 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయింది. కాలువలు వచ్చాయి, వరి వచ్చింది, ఇతర చోట్లనుండి మనుషులు కూడ వచ్చారు. నేడు "మా తాతలనాటి ఊరు" అని చెప్పుకునే ఎన్నో కుటుంబాల్లో ఆ తాత కాలువ వెంట వచ్చినవాడే.

వచ్చినవారు అందరూ ఆగలేదు. నిజాంసాగరు 1931లో పూర్తయినప్పుడు మన వైపు రైతులు నిజామాబాదు జిల్లా బోధన్, వర్ని వైపు వెళ్ళారు. తుంగభద్ర ఆనకట్ట నీళ్ళు 1953లో వదిలాక కన్నడ దేశంలోని సింధనూరు, గంగావతి, కారటగి వైపు వెళ్ళారు. ఇక్కడ ఎకరం అమ్మితే అక్కడ అనేక ఎకరాల మెట్ట వచ్చేది. డేరాలు వేసుకొని, తుమ్మచెట్లు కొట్టి, చేలు చదును చేశారు. అందుకే అక్కడి తెలుగువారి ఊళ్ళకు నేటికీ "క్యాంపు" అనే పేరు. మూడు తరాలు గడిచినా, చర్చి కట్టుకున్నా, గుడి కట్టుకున్నా, పేరు మాత్రం క్యాంపే. ఆ మాట విన్నప్పుడల్లా, నడుము వాల్చకుండా కూర్చున్న మనిషి గుర్తుకొస్తాడు నాకు.

వారు ఆకలికి వెళ్ళారా? లేదు. అమ్ముకోడానికి ఎకరం ఉన్నవారు వెళ్ళారు. నలుగురు కొడుకులకు నాలుగు ముక్కలు చేస్తే ఏ ముక్కా చాలదని వెళ్ళారు. వారి వెంట కూలీలుగా వెళ్ళిన మా పేటలవారికి అమ్మడానికి ఏమీ లేదు. అన్నిటికంటే పేదవాడు ఒంటరిగా ఎక్కువ దూరం పోలేడు, బస్సు చార్జీ కావాలి కదా!

ఇంకొక రకం ఉంది. పామర్రు మండలంలోనే ఉన్న నిమ్మకూరు మీకు తెలుసు. ఆ ఊరి నందమూరి తారక రామారావుగారికి 1947లో సబ్‌రిజిస్ట్రారు ఉద్యోగం వచ్చింది. ఆ రోజుల్లో అది ఎంత ఉద్యోగం! కొన్ని వారాలకే దాన్ని వదిలి మద్రాసు వెళ్ళారు. ఆ పక్కనే ఉన్న కూచిపూడినుండి వెంపటి చినసత్యంగారు కూడ మద్రాసుకే వెళ్ళి, 1963లో అక్కడ నాట్య అకాడమీ స్థాపించారు. వీరిది కూడ "పని కోసమే" అనాలి. కాని ఏ పని? లోపల ఏదో పిలిచింది, ఊరు దానికి చాలలేదు. మీ పిల్లవాడు కంప్యూటరు చదివి హైదరాబాదు పోతానన్నా, అమెరికా పోతానన్నా, అన్నిసార్లూ డబ్బు కోసమే అనుకోకండి.

అయితే ఈ సోదరికి లోపలినుండి వచ్చిన పిలుపు కాదు. ఆమె ఊళ్ళో ఆడవారికి పనే తగ్గింది. నా చిన్నప్పుడు ఎకరం చేనుకు నారుమడి నుండి కుప్పనూర్పు వరకు ఎంతమంది చేతులు కావాలో! నాట్లు, రెండు కలుపులు, కోత, కట్టివేత. ఇప్పుడు కోతమిషను గంటలో ఎకరం కోసి, ధాన్యం ట్రక్కులో పోస్తుంది. గుడివాడ, నందివాడ, ముదినేపల్లి, కైకలూరు వైపు చేలు చేపల చెరువులయ్యాయి. చెరువుకు కాపలామనిషి ఒకడు, మేత వేసేవాడు ఒకడు చాలు. పైగా ఇటీవల నాట్లకు బెంగాలు నుండి మగవారు గుంపులుగా వచ్చి ఎకరానికింతని మాట్లాడుకొని వేసిపోతున్నారు. వారిని తప్పుపట్టను. వారి ఊరి సెంటరులో వారూ తెల్లవారుజామున ఏదో బస్సు కోసం నిలబడే ఉంటారు. వారు మన చేలోకి వస్తారు, మన ఆడపడుచు కువైటు వంటింట్లోకి పోతుంది. అన్నపూర్ణ అని పేరు పెట్టుకున్న డెల్టా ఇది.

ఆ పేరు తలచుకుంటే బేత్లెహేము గుర్తుకొస్తుంది. రొట్టెల ఇల్లు అని ఆ ఊరి పేరుకు అర్థమని మీరు చాలా ప్రసంగాల్లో విన్నారు. ఆ ఇంటిలోనే రొట్టె లేక ఎలీమెలెకు భార్యాబిడ్డలతో మోయాబుకు వెళ్ళాడు. ఇది వినినప్పుడెల్లా మనము కరువు ఒక్కటే చూస్తాము. రూతు గ్రంథం మొదటి అధ్యాయం మరోసారి నిదానంగా చదవండి. పదేళ్ళ తరువాత నయోమి తిరిగి వచ్చినప్పుడు ఊరి స్త్రీలు గుమిగూడి ఆమెను గుర్తుపట్టారు. అంటే వారు ఎక్కడికీ పోలేదన్నమాట! కరువు అందరి ఇంటికీ వచ్చింది. ఇల్లు విడిచింది మనకు తెలిసినంతలో ఒక్క కుటుంబమే. మరి కరువొక్కటే కారణమైతే మిగిలినవారు ఎందుకు ఉండిపోయారు? ఎలీమెలెకు ఇంట్లో ఇంకేముందో గ్రంథం చెప్పలేదు. బహుశా అతడూ అడిగినవారికి "కరువండి" అని చెప్పి ఊరుకున్నాడేమో.

మిచాంగ్ తుఫాను మన డెల్టా అంతా కొట్టింది. ఒకే వీధిలో పది ఇళ్ళ పనలు తడిశాయి. తొమ్మిది ఇళ్ళవారు ఉన్నారు, ఒక ఇల్లు కదులుతుంది. తుఫాను ఆ తొమ్మిదింటికీ కారణమే, కాని ఈ ఒక్క ఇంటికి ఇంకొక కారణం ఉండి తీరాలి. దానికోసమే మనం చూడాలి. తుఫాను గురించి ఎవరైనా చెబుతారు, ఆ రెండవ కారణం ఎవరూ చెప్పరు.

కొన్నిసార్లు ఆ రెండవ కారణం అందరికీ తెలిసిందే, పైకి అనరు అంతే. 1985 జులై 17న ప్రకాశం జిల్లా కారంచేడులో ఆరుగురు దళితులను చంపారు. మిగిలినవారు ఊరు విడిచి చీరాల చేరారు, తిరిగి ఆ ఊరికి పోము అన్నారు. అక్కడే వారికి కాలనీ వెలిసింది. 1991 ఆగస్టు 6న గుంటూరు జిల్లా చుండూరులో ఎనిమిదిమందిని చంపారు. అక్కడివారు తెనాలికి పరుగెత్తారు. ఆ రెండు చోట్లా మన సంఘాలవారు ఉన్నారు. వారు పని కోసం పోలేదు. అంత పెద్ద ఘోరం జరగనక్కర లేకుండానే, టీ గ్లాసు దగ్గరో, బడిలోనో, చెరువుగట్టు మీదో ఒక మాట పడి, మరునాడు బస్సెక్కినవారు మా పేటల్లో ఎందరో. వారి ఇళ్ళకు వెళ్ళి అడిగితే తల్లులు "పనికి పోయాడయ్యా" అనే అంటారు. కొడుకు అవమానం తల్లి నోటితో చెప్పదు.

నేనూ చెప్పలేదు. ఇక్కడ మా ఇంటి సంగతి ఒకటి రాయాలి. ఎన్నో ఏళ్ళుగా ఈ పేజీ రాస్తున్నాను గాని, ఇది రాయలేదు.

మా అన్నయ్య 1978లో ఇల్లు విడిచాడు. అతనికి పందొమ్మిది, నాకు పదహారు. అంతకుముందు ఏడాది నవంబరు 19న దివిసీమ ఉప్పెన వచ్చింది. పదివేల మందికి పైగా పోయారు. మా వైపు అలలు రాలేదు గాని గాలికి కప్పులు లేచిపోయాయి, చేలు పడిపోయాయి. కాబట్టి "ఉప్పెన తరువాత పనులు లేక మావాడు హైదరాబాదు వెళ్ళాడు" అని మా ఇంట్లో చెప్పేవారు. వినేవారు అవునని తలూపేవారు. అది అందరికీ అతికిన కారణం.

జరిగింది ఇది. మా నాన్న సంఘములో కోశాధికారి. ఆ సంవత్సరం పంటకోత పండుగకు వచ్చిన కానుకలు, కొబ్బరికాయలు, గుమ్మడికాయలు, కోళ్ళు వేలం వేసి, ఆ డబ్బు సంచిలో పెట్టి అన్నయ్య చేత ఇంటికి పంపించారు. రాత్రి లెక్క చూస్తే నలభై రూపాయలు తక్కువ. మరునాడు చర్చి వరండాలో పెద్దలందరి ముందు నాన్న అన్నయ్యను అడిగాడు. తీయలేదన్నాడు. నాన్న చెంప మీద కొట్టాడు. నాన్నను నేను తప్పుపట్టడానికి రాయడం లేదు. కోశాధికారి కొడుకును కాపాడుకున్నాడని అనిపించుకోవడం ఆయనకు చావుతో సమానం. అన్నయ్య ఏమీ అనలేదు. నాలుగో రోజున పామర్రు సెంటరుకు నడిచిపోయి బస్సెక్కాడు.

రెండు వారాల తరువాత అదే నోటుబుక్కు నా చేతికి వచ్చింది. వేలం జాబితా కూడింది నేను. లెక్కల్లో నాకు మంచి పేరుండేది. ఒక పేజీ అడుగున వచ్చిన మొత్తాన్ని రెండో పేజీకి ఎక్కించేటప్పుడు నలభై ఎక్కువ వేశాను. సంచిలో డబ్బు సరిగానే ఉంది. నాన్నతో చెప్పాను. ఆయన చాలాసేపు ఆ కాగితం వైపు చూశాడు. "వాడు పనిలో కుదిరాడుగా, ఇప్పుడెందుకులే" అన్నాడు. పెద్దలకు చెప్పలేదు. నేనూ చెప్పలేదు. అన్నయ్యకు ఉత్తరాలు రాసేవాణ్ణి, వాటిలో గేదె ఈనిందని, చెల్లికి సంబంధం వచ్చిందని రాసేవాణ్ణి.

అన్నయ్య బాలానగరులో ఒక లేతు మిషను దగ్గర పనికి కుదిరి, అక్కడే పెళ్ళి చేసుకొని, అక్కడే ఇల్లు కట్టుకున్నాడు. బాగానే బ్రతికాడు. క్రిస్మస్‌కు మా సంఘానికి డబ్బు పంపేవాడు. పాస్టరుగారు ఆరాధనలో "ఉద్యోగరీత్యా దూరప్రాంతములలో నున్న మన సహోదరుల కొరకు" ప్రార్థన చేసినప్పుడు అతని పేరు కూడ చదివేవారు. ఇరవై అయిదేళ్ళలో అతడు ఆ చర్చి గుమ్మం ఎక్కలేదు. 2003లో నాన్నను భూస్థాపన చేసిన రాత్రి, మేమిద్దరమే అరుగు మీద కూర్చున్నప్పుడు చెప్పాను. అతడు నవ్వాడు. "నలభై రూపాయలా? నేను నూరనుకున్నానురా ఇన్నాళ్ళూ" అన్నాడు. తరువాత ఇంకేమీ అనలేదు. బీడీ వెలిగించుకొని లోపలికి పోయాడు.

నేను ఆ రెండు వారాలకే ఒక కార్డు ముక్క రాసి ఉంటే వచ్చేవాడా? తెలియదు. హైదరాబాదు అతనికి మేలే చేసింది. కాని వెళ్ళాలని వెళ్ళడం వేరు, ఉండలేక వెళ్ళడం వేరు.

సోదరీ, ఇప్పుడు మీ ఉత్తరానికి వస్తున్నాను. అప్పు, తుఫాను, ఏజెంటు, పిల్లల చదువు, అన్నీ వివరంగా రాశారు. మధ్యలో ఎక్కడో ఒక వాక్యం రాశారు. "ఈ మధ్య చర్చికి వెళ్తే వెనక, గుమ్మం దగ్గరే కూర్చుంటున్నాను" అని. ఎందుకో రాయలేదు. ఆ వాక్యాన్ని నేను చాలాసార్లు చదివాను. మీ అప్పు ఎవరి దగ్గర ఉందో కూడ రాయలేదు. నేను అడగడం లేదు. కాని ముందు బెంచీలో కూర్చున్నవారిలో ఒకరి దగ్గర ఉంటే, కువైటు గురించి మాట్లాడేముందు దాని గురించి మాట్లాడాలి.

నెహెమ్యా గ్రంథం అయిదవ అధ్యాయంలో ఇదే గొడవ. కరువుకు పొలాలు, ద్రాక్షతోటలు కుదువబెట్టి, చివరకు కొడుకులను, కూతుళ్ళను దాస్యానికి పంపవలసి వచ్చిందని జనం మొరపెట్టారు. అప్పిచ్చినవారు పరాయివారు కాదు, స్వజనులే. నెహెమ్యా ఆ తల్లిదండ్రులను మీకు విశ్వాసం లేదా అని గద్దించలేదు. అప్పిచ్చినవారిని పిలిపించి, వడ్డీ మాని పొలాలు తిరిగి ఇమ్మన్నాడు.

లెక్క చూద్దాము, ఈసారి జాగ్రత్తగా కూడాను. మూడు లక్షలకు మూడు రూపాయల వడ్డీ అంటే నెలకు తొమ్మిది వేలు, ఏడాదికి లక్షా ఎనిమిది వేలు. ఏజెంటు చెప్పిన ముప్పై వేలు నిజమే అనుకున్నా, అందులో తొమ్మిది వేలు అసలును తాకకుండానే పోతాయి. వడ్డీ ఒక రూపాయికి దిగితే నెలకు మూడు వేలు. ఆ ఆరు వేల తేడా మీ భర్త కూలి, మీ కుట్టుపని కలిపి సంపాదించేదానిలో ఎంత భాగమో మీకు తెలుసు. మీరు వెళ్ళాలా అక్కరలేదా అన్నది ఆ ఆరు వేల మీద కూడ ఆధారపడి ఉంది. కాబట్టి మిమ్మల్ని గద్దించిన పెద్దలు ముందు ఆ పని చేయాలి. అప్పిచ్చినవారితో పాస్టరుగారు, ఇద్దరు పెద్దలు కూర్చోవాలి. స్త్రీల సమాజములో పొదుపు డబ్బు ఉంటే దానిలోనుండి తక్కువ వడ్డీకి ఇచ్చి పెద్ద వడ్డీని తెంచాలి. ఇవి చేసిన తరువాతే విశ్వాసము మాట ఎత్తాలి. కౌలు కార్డు సంగతి కూడ అడగండి. 2019లో వచ్చిన సాగుదారుల హక్కుల చట్టం ప్రకారం కౌలు కార్డుకు భూయజమాని సంతకం కావలసి వచ్చింది, దానితో చాలామందికి కార్డే రాలేదు. మీ యజమాని మన సంఘస్థుడైతే ఆ సంతకం గురించి ఆయనను అడిగే హక్కు సంఘానికి ఉంది.

ఇవన్నీ చేసినా వెళ్ళవలసి వస్తే? వెళ్ళండి. పాపము కాదు. కాని సరిగా వెళ్ళండి. ఇంటిపనికి గల్ఫు వెళ్ళే స్త్రీకి 30 ఏళ్ళు నిండాలని మన ప్రభుత్వ నిబంధన. మీకు నిండాయి, అయినా పాస్‌పోర్టులో పుట్టినతేదీ సరిచూసుకోండి. 1983 వలసల చట్టం కింద లైసెన్సు ఉన్న ఏజెంటే మనుషులను పంపాలి. లైసెన్సు నంబరు అడగండి, చదువుకున్న పిల్లవాడి చేత ప్రభుత్వపు ఇ-మైగ్రేట్ వెబ్‌సైటులో చూపించండి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికి ఓంక్యాప్ అనే సంస్థ ఉంది, ముందు అక్కడ అడగండి. "ఇప్పటికి విజిట్ వీసా మీద పోదాం, అక్కడికి పోయాక మార్పిస్తాను" అన్నవాడితో అడుగు బయట పెట్టకండి. అక్కడ వీసా యజమాని చేతిలో ఉంటుంది. ఇల్లు విడిచి బయటికి వస్తే మీరే నేరస్తులవుతారు. ఒప్పందం కాగితం తెలుగులో చదివించుకోండి. పాస్‌పోర్టు, వీసా, ఒప్పందం నకళ్ళు ఒక జత భర్త దగ్గర, ఒక జత పాస్టరుగారి దగ్గర ఉంచండి. బ్యాంకు ఖాతా మీ పేరున ఉండాలి. భర్తను నమ్మవద్దని కాదు. సంపాదించిన మనిషికి ఎంత పంపిందో, ఎంత మిగిలిందో తెలియాలి. తిరిగి వచ్చే తేదీ ఇంట్లో కేలండరు మీద రాసి వెళ్ళండి. నేను చూసిన ఇళ్ళలో అప్పు తీరినా మనిషి తిరిగి రానివి ఉన్నాయి. అప్పు తరువాత ఇల్లు, ఇంటి తరువాత పెద్దదాని పెళ్ళి, ఆ తరువాత చిన్నదాని పెళ్ళి. ఒక్కొక్క కారణం రెండేసి ఏళ్ళు తింటుంది.

పిల్లల దగ్గర ఎవరుంటారో కూడ రాయలేదు మీరు. ఆడపిల్లలు. ఫోనులో ముఖం చూపిస్తే తల్లి దగ్గరున్నట్టు కాదు. మీ అత్తగారు ఉంటారా, మీ అమ్మ వస్తారా, ఇది మీ ఇద్దరూ కూర్చొని తేల్చుకోవలసిన మొదటి సంగతి.

సంఘానికి ఇంకొక మాట ఉంది. 1860 నుండి మద్రాసు రేవులో ఓడలెక్కి వేలమంది తెలుగువారు ఒప్పంద కూలీలుగా దక్షిణాఫ్రికాలోని నేటాలుకు వెళ్ళారు. చెరకు తోటలు, తేయాకు తోటలు. వెళ్ళినవారిలో బాప్తిస్టు సంఘస్థులు ఉన్నారని నెల్లూరు వైపు సంఘాలకు తెలిసింది. వారు ఎందుకు వెళ్ళారు, వెళ్ళడం తప్పా ఒప్పా అని తీర్మానం చేస్తూ కూర్చోలేదు. 1903లో జాన్ రంగయ్యగారిని వారి దగ్గరకు పంపించారు. మన తెలుగు సంఘాలే, ఎక్కువభాగం పేదలు, తమ కానుకలతో ఒక కాపరిని సముద్రం దాటించారు. ఆయన అక్కడ తోటల మధ్య ఆ ఏడాదే తెలుగు సంఘమును స్థాపించారు. నూట ఇరవై ఏళ్ళ క్రితం ఓడలో చేయగలిగినది, నేడు నెలకొక ఫోను చేసి "ఎలా ఉన్నావమ్మా, జీతం ఇస్తున్నారా, తిండి పెడుతున్నారా" అని అడగడానికి మనకు చేతకాదా? మీ సంఘ పుస్తకంలో బయట ఉన్నవారి పేర్ల ఎదుట ఫోను నంబరు ఉందో లేదో ఈ ఆదివారం చూడండి. మా పుస్తకంలో పదకొండు పేర్లకు లేవు. ఈ వ్యాసం మొదలుపెట్టాక లెక్కపెట్టాను, ఇద్దరిచేత కూడించాను.

చెల్లెమ్మా, ఏజెంటుకు డబ్బు కట్టకముందే మళ్ళీ రాయండి. ఆదివారం మీతోపాటు వచ్చి మీ సంఘ పెద్దలతో మాట్లాడమంటే వస్తాను. పామర్రు సెంటరులో దిగితే మీ ఊరికి ఆటో దొరుకుతుందని విన్నాను. పెద్దపాపకు పదో తరగతి పరీక్షలు ఎప్పుడో కూడ రాయండి.